మెల్‌బోర్న్‌లో 56-18: ఈల్స్‌ని ఇంకా ఎన్నాళ్లు భరించాలి?

వెంటీ_వెంకట్
మన సిడ్నీ జట్టు ప్యారమాటా ఈల్స్ మీద మెల్‌బోర్న్ స్టార్మ్ వాళ్లకి యాభై ఆరు పాయింట్లు. అదీ 2025 రగ్బీ లీగ్ సీజన్ మొదటి ఆటలోనే. కొత్త కోచ్ రైల్స్ వచ్చాడు, కొత్త ఫుల్‌బ్యాక్ వచ్చాడు, లోమాక్స్ వచ్చాడు, యాడో-కార్ వచ్చాడు, ఇక చూస్కోండి అని ఎండాకాలం అంతా ఊదరగొట్టారు. చూశాం. స్టార్మ్ వాళ్లకి ప్రాక్టీస్ ఆటలా అయిపోయింది.

ఒక్క ఓటమికే ఇంత గొడవా అనకండి. 2022 ఫైనల్లో పెన్రిత్ చేతిలో 28-12తో ఓడాం. ఫైనల్ దాకా వెళ్లారు కదా, పోనీలే అనుకున్నాం. 2023లో పదో స్థానం. 2024లో పదిహేనో స్థానం, ఉన్నదే పదిహేడు జట్లు. ఇప్పుడు ఇది. ఆ ఫైనల్ దెబ్బ నుంచి జట్టు తేరుకోలేకపోతోందా, లేక తేరుకోవాలన్న ఆలోచనే క్లబ్ నడిపేవాళ్లకి లేదా?

మన ఆట నడిపే హాఫ్‌బ్యాక్ మోసెస్ పాదం నయమైతే అన్నీ సర్దుకుంటాయి అనే జవాబు మాత్రం వద్దు. పోయిన ఏడాదీ అదే విన్నాను. మెంబర్‌షిప్ డబ్బులు ముందే కట్టేశాను కాబట్టి తిట్టే హక్కు నాకుంది.

స్టార్మ్_శ్రీను
చాలా సంతోషం. మళ్లీ మళ్లీ రండి.

నైట్‌షిఫ్ట్_నాని
వచ్చేశాడండీ. ఉండేది మెల్‌బోర్న్ టార్నీట్‌లో, దూరేది సిడ్నీ వాళ్ల థ్రెడ్లలో.

స్టార్మ్_శ్రీను
2003లో బెల్లమీ కోచ్‌గా వచ్చిన దగ్గర్నుంచి సీజన్ మొదటి ఆట మేం ఓడిందే లేదు. అది తెలిసి కూడా ఆశలు పెట్టుకున్నారంటే తప్పు మాది కాదు. పైగా మీ రైల్స్ పోయిన ఏడాది దాకా మా దగ్గరే అసిస్టెంట్ కోచ్. మా గుట్టంతా తెలిసినవాడు మా ఊరొచ్చి 38 పాయింట్ల తేడాతో ఓడాడు. అదేదో మీరే ఆలోచించుకోండి.

లెక్కలమాస్టారు
వెంకట్ గారూ, 2022 ఫైనల్ దెబ్బ అనే మాట నాకు నచ్చదు. ఆ ఫైనల్ ఆడిన జట్టు అప్పటికే సగం విడిపోయి ఉంది. పపాలీ టైగర్స్‌తో, మహోనీ బుల్‌డాగ్స్‌తో, నియుకోరే వారియర్స్‌తో ముందే సంతకాలు చేసేశారు. గెలిచినా ఓడినా మర్నాటి నుంచి వాళ్లు మనవాళ్లు కారు. ఫైనల్ గెలిచి ఉంటే మనకి ఒక కప్పు మిగిలేది, జట్టు మాత్రం మిగిలేది కాదు.

2024 అయ్యాక రెండో విడత. గదర్సన్ డ్రాగన్స్‌కి, క్యాంప్‌బెల్-గిల్లార్డ్ టైటన్స్‌కి, సీవో ఇంగ్లండ్‌లో లీడ్స్‌కి. వాళ్లంటే వయసు మీద పడినవాళ్లు, సరే. కుర్రాళ్ల సంగతేంటి? టలాగి పెన్రిత్‌కి, శాండర్స్ కాన్‌బెరాకి పోయారు. అనుభవం ఉన్నవాళ్లూ లేరు, ఎదిగొచ్చేవాళ్లూ లేరు. 56 ఎందుకు పడ్డాయో దీంట్లోనే ఉంది.

దిబ్బరొట్టె
సీవో లీడ్స్‌కి వెళ్తే అక్కడ కోచ్ ఎవరయ్యా అంటే మనం 2024 మేలో పీకేసిన బ్రాడ్ ఆర్థరే. మనవాళ్లంతా అక్కడ కలుసుకుంటారేమో. లీడ్స్ మెంబర్‌షిప్ ఎంతో కనుక్కోండి.

వెంటీ_వెంకట్
మాస్టారూ, శాలరీ క్యాప్ (జట్టు మొత్తం జీతాలకి లీగ్ పెట్టే పరిమితి) వల్ల ఎవర్నీ ఆపలేం అంటారు క్లబ్ వాళ్లు. క్యాప్ అందరికీ ఒక్కటే కదా. అదే క్యాప్‌తో పెన్రిత్ 2021 నుంచి 2024 దాకా వరసగా నాలుగు కప్పులు కొట్టింది. వాళ్ల దగ్గర్నుంచీ కికావ్ పోయాడు, కొరొయిసావ్ పోయాడు, క్రైటన్ పోయాడు, ఇప్పుడు లువాయి పోయాడు. పోయినవాడి చోట వాళ్ల జూనియర్లలోంచే ఇంకొకడు వస్తాడు. మన జూనియర్లలోంచి వచ్చినవాడు కూడా వాళ్ల దగ్గరికే పోతాడు.

కొత్తకాపు
మధ్యలో అడ్డొస్తున్నాను. హారిస్ పార్క్‌లో దిగి నెల కూడా కాలేదు. ఆదివారం రూమ్మేట్లు టీవీ ముందు తలలు పట్టుకుని కూర్చుంటే ఎందుకో అర్థం కాలేదు. ఇది ఒలింపిక్స్‌లో చూపించే రగ్బీయేనా?

లెక్కలమాస్టారు
కాదు బాబూ. ఒలింపిక్స్‌లోది యూనియన్ అనే ఇంకో రకం రగ్బీ వాళ్ల ఏడుగురి ఆట. ఇది లీగ్. జట్టుకి పదముగ్గురు, 80 నిమిషాలు. బంతి పట్టుకుని ముందుకి పరుగెత్తాలి, పాస్ మాత్రం వెనక్కే ఇవ్వాలి. అవతలివాళ్లు పట్టి పడేస్తారు, అదే ట్యాకిల్. కబడ్డీలో రైడర్‌ని పట్టినట్టే అనుకో, కాకపోతే ఇక్కడ పట్టేవాడు వంద కిలోల పైనే ఉంటాడు, కూత పెట్టే పని లేదు. అలా ఆరుసార్లు పడేసేలోగా నువ్వేదో ఒకటి చేయాలి, లేదంటే బంతి వాళ్లకి ఇచ్చేయాలి. గీత దాటి బంతిని నేలకి ఆనిస్తే ట్రై, 4 పాయింట్లు. ఆ తర్వాత స్తంభాల మధ్య నుంచి పోయేలా తన్నితే ఇంకో 2.

దిబ్బరొట్టె
కూత పెట్టేది చూసే మనం.

ట్యాకిల్_బాబు
వెంకట్ అన్నా, మోసెస్ పేరు ఎత్తొద్దన్నావు కానీ ఎత్తక తప్పదు. ఐదు ట్యాకిళ్లు అయ్యాక బంతిని తన్నేస్తాం కదా, అది ఎక్కడ పడుతుందన్న దాని మీదే సగం ఆట ఉంటుంది. మోసెస్ తంతే అవతలివాళ్లు తమ గీతకి పది మీటర్ల దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. అక్కణ్నుంచి సగం మైదానం దాటేసరికి వాళ్ల ట్యాకిళ్లు అయిపోతాయి. అలా దూరం తన్నేవాడు లేకపోతే వాళ్లు నలభై దగ్గర మొదలుపెట్టి, సెట్ (ఆ ఆరు ట్యాకిళ్ల విడత) చివరికి మన గీత ముందు నిలబడతారు. మనవాళ్లు అక్కడే డిఫెండ్ చేస్తూ కూర్చోవాలి. అలిసిపోయి ట్యాకిల్ మీద కాస్త ఎక్కువసేపు పడుకుంటే రిఫరీ 'సిక్స్ అగైన్' అంటాడు. మళ్లీ ఆరు.

నేను ఆడేది శనివారం టచ్ ఫుటీయే. గుద్దుకోవడాలు ఉండవు. అయినా రెండు మూడు సెట్లు వరసగా డిఫెన్స్‌లో ఉంటే కాళ్లు మాట వినవు. అసలు ఆటలో, అదీ స్టార్మ్ వాళ్ల గ్రాంట్, హ్యూస్, పాపెన్‌హౌజెన్ ఎదురుగా ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ముప్పై దాటాక పడే పాయింట్లన్నీ ఇలా అలిసిపోయి ఇచ్చేవే. మోసెస్ ఉంటే గెలిచేవాళ్లం అనడం లేదు. 56 పడేవి కావు అంటున్నా.

వెంటీ_వెంకట్
బాబూ, నా కోపమే అది. జట్టు మొత్తం ఒకడి పాదం మీద నిలబడితే ఆ తప్పు ఎవరిది? 2024లోనూ అదే పాదం. రెండో హాఫ్‌బ్యాక్‌ని తయారు చేసుకోవాలని ఒక్కడికీ తోచలేదా? శాండర్స్ అనే కుర్రాడు మన దగ్గరే పెరిగి కాన్‌బెరాకి పోతుంటే చూస్తూ ఊరుకున్నారు.

ట్యాకిల్_బాబు
శాండర్స్ పోయిందే మోసెస్ ఉన్నాడని. ఫస్ట్ టీమ్‌లో చోటు దొరకదని తెలిసి ఏ కుర్రాడు ఉంటాడన్నా? ఇద్దర్నీ ఆపడం కుదరదు. నువ్వు రెండు పక్కలా తిడుతున్నావు.

వెంటీ_వెంకట్
ఫ్యాన్‌ని బాబూ, రెండు పక్కలా తిడతాను.

పాతచింతకాయ
మీరు 2022 నుంచి ఏడుస్తున్నారు. నేను 1998 నుంచి ఏడుస్తున్నా. అప్పుడు వెస్ట్‌మీడ్‌లో అద్దెకుండేవాళ్లం. మొత్తం వీధిలో తెలుగువాళ్లం మేమొక్కళ్లమే. ఆఫీసులో పక్క సీటు పెద్దాయన, ఇక్కడ ఉంటూ వేరే జట్టుని చూస్తే ఊరుకోనని నాకు ఈ జట్టుని అంటగట్టాడు. ఆ ఏడాది ప్రిలిమినరీ ఫైనల్లో బుల్‌డాగ్స్ మీద 18-2తో ముందున్నాం. గడియారంలో పది పదకొండు నిమిషాలు మిగిలాయి. ఫైనల్ టికెట్ల గురించి మాట్లాడుకుంటున్నాం. స్కోరు సమం చేశారు, ఎక్స్‌ట్రా టైమ్‌లో 32-20తో పోయాం. పెద్దాయన రెండు రోజులు ఆఫీసుకి రాలేదు.

2001 ఇంకా ఘోరం. ఆ ఏడాది 839 పాయింట్లు చేసి లీగ్‌లో మొదటి స్థానంలో ఉన్నాం. అలాంటి జట్టు ఫైనల్లో న్యూకాజిల్ మీద హాఫ్‌టైమ్‌కి 24-0తో వెనకబడింది. రెండో సగంలో ప్రాణం వచ్చింది, కానీ 30-24 దగ్గర ఆగిపోయింది. ఇక 2009. ఎనిమిదో స్థానంలో ఫైనల్స్‌లోకి, అంటే సీజన్ చివరి పోటీల్లోకి దూరి, ఒక్కొక్కర్నీ కొట్టుకుంటూ గ్రాండ్ ఫైనల్‌కి వచ్చాం. శ్రీను వాళ్ల జట్టు చేతిలో 23-16. తర్వాతి ఏడాది వాళ్ల దొంగ లెక్కలు బయటపడి ఆ టైటిల్ ఊడబెరికారు. మనకి ఇచ్చారా అంటే అదీ లేదు. ఆ ఏడాది గడి ఖాళీగా వదిలేశారు.

కాబట్టి 56-18 నన్ను కదిలించలేదు. మొదటి ఆటలో చితికిపోవడం కంటే చివరి ఆటలో పోవడం చాలా బాధ.

స్టార్మ్_శ్రీను
2009 కథ అయిపోయింది పెద్దాయనా, ఇంకెన్నాళ్లు తవ్వుతారు.

నైట్‌షిఫ్ట్_నాని
దొరికిపోయినవాడికి ఎప్పుడూ కథ అయిపోయినట్టే ఉంటుంది.

లెక్కలమాస్టారు
న్యాయంగా మాట్లాడుకుందాం నానీ. 2016లో శాలరీ క్యాప్ మోసంలో మనమూ దొరికాం. 12 పాయింట్లు కోసేశారు, 10 లక్షల డాలర్ల జరిమానా వేశారు.

దిబ్బరొట్టె
తేడా ఉంది మాస్టారూ. వాళ్లు దొంగ లెక్కలు రాసి కప్పులు కొట్టారు. మనం దొంగ లెక్కలు రాసి కూడా ఏమీ కొట్టలేదు.

స్టార్మ్_శ్రీను
దిబ్బరొట్టె గారికి సాష్టాంగ నమస్కారం. ఈ థ్రెడ్‌లో నిజం చెప్పే మనిషి ఆయనొక్కరే.

కొత్తకాపు
మరి చివరిసారి కప్పు గెలిచింది ఎప్పుడు?

నైట్‌షిఫ్ట్_నాని
1986.

కొత్తకాపు
అప్పటికి మా నాన్నకి పెళ్లి కూడా కాలేదు.

లెక్కలమాస్టారు
1981, 82, 83లో జాక్ గిబ్సన్ కోచ్‌గా వరసగా మూడు. 1986లో జాన్ మోనీ కోచ్‌గా నాలుగోది, బుల్‌డాగ్స్ మీద 4-2. అవును, స్కోరు అంతే. ఒక్క ట్రై కూడా పడని గ్రాండ్ ఫైనల్ అదొక్కటే. రే ప్రైస్, మిక్ క్రోనిన్ ఇద్దరికీ అదే ఆఖరి ఆట. స్టెర్లింగ్, కెన్నీ, గ్రోత్, ఎల్లా, ఆ పేర్లు ఇప్పటికీ క్లబ్‌లో పెద్దవాళ్లు దేవుడి పేర్లలా తలుస్తారు. ఇప్పుడున్న జట్లలో ఒక్కసారైనా గెలిచినవాళ్లని తీసుకుంటే, ఇంత కాలం ఎదురుచూస్తున్నది మనమే.

పాతచింతకాయ
1981లో మొదటి కప్పు గెలిచిన రాత్రి జనం పాత కంబర్లాండ్ ఓవల్ స్టాండ్‌ని తగలబెట్టేశారు. సంతోషం పట్టలేక చేసిన పని. ఆ చోటే 1986లో స్టేడియం కట్టారు, ఎలిజబెత్ రాణి వచ్చి ప్రారంభించింది. దాన్ని కూల్చి ఇప్పుడున్న 30 వేల సీట్లది కట్టారు. స్టేడియాలు మారుతూనే ఉన్నాయి.

దిబ్బరొట్టె
ఇప్పుడు గెలిస్తే ఇన్సూరెన్స్ వాళ్లు జాగ్రత్తగా ఉండాలి.

టూంగాబీ_తులసి
నా గొడవ వేరే. మా అబ్బాయి ఇక్కడి జూనియర్ క్లబ్‌లో ఆడతాడు. 56 పాయింట్ల కన్నా నాకు వాడి తల గురించే ఎక్కువ టెన్షన్. మా ఆయన క్రికెట్‌లో వేద్దామంటారు, వాడేమో బ్యాట్ ముట్టుకోడు. పెద్దవాళ్ల ఆటలో తలకి దెబ్బ తగిలి కంకషన్ అని తేలితే కనీసం 11 రోజులు మైదానంలోకి రానివ్వరు. ఇప్పుడు పిల్లల కోచ్‌లు కూడా తల ఎక్కడ పెట్టాలి, భుజం ఎలా ఆనించాలి అన్నది చాలా ఓపిగ్గా నేర్పుతున్నారు. అది చూశాకే కాస్త ధైర్యం వచ్చింది.

మాస్టారు చెప్పిన కుర్రాళ్ల సంగతికి వస్తాను. మా వాడి గదిలో టలాగి ఫొటో ఉండేది. వాడు ఆడే మైదానాల్లోనే ఆడి పైకొచ్చినవాడని వాడికి మహా గర్వం. పెన్రిత్‌కి వెళ్తున్నాడని తెలిసిన రోజు ఫొటో తీసి బీరువా కింద పడేశాడు. మీ మగవాళ్లందరూ శాలరీ క్యాప్ గురించి మాట్లాడుతున్నారు. పిల్లలు ఎవర్ని చూసి ఈ జట్టుని పట్టుకోవాలి అన్నది ఎవరూ అడగరు. ఆదివారం ఆట సగంలో వాడే వచ్చి, అమ్మా, పెన్రిత్ జెర్సీ ఎంత ఉంటుంది అన్నాడు.

వెంటీ_వెంకట్
తులసి గారూ, కొనకండి. దయచేసి.

టూంగాబీ_తులసి
కొనను లెండి. ముందు హోంవర్క్ చెయ్యి అన్నాను.

గుంటూరుకారం
నేను ఇక్కడికి పొరపాటున వచ్చాను, కానీ ఓటముల గురించి అంటే మాట్లాడే అర్హత ఉంది. సన్‌రైజర్స్ ఫ్యాన్‌ని. 2024 సీజన్ అంతా బౌలర్లని ఉతికి ఆరేసి, ఫైనల్లో చెన్నైలో 113కి ఆలౌట్. కోల్‌కతా వాళ్లు ఎనిమిది వికెట్లతో గెలిచి పోయారు. మీ 28-12 మాకు చాలా గౌరవంగా కనిపిస్తోంది.

నైట్‌షిఫ్ట్_నాని
మీ కెప్టెన్ కమిన్స్ పుట్టింది వెస్ట్‌మీడ్‌లోనే తెలుసా? మా స్టేడియం పక్కనే.

గుంటూరుకారం
అయితే ఈల్స్ ఫ్యానా?

నైట్‌షిఫ్ట్_నాని
పెన్రిత్.

దిబ్బరొట్టె
తెలివైనవాడు.

బ్రిస్బేన్_బుజ్జి
ఇక్కడ ఆల్‌ఫ్రెడ్ తుఫాను వల్ల కరెంటు లేదు. ఫోన్‌లో మిగిలిన చార్జింగ్ అంతా మీ ఆట చూడటానికే వాడాను. కోస్తా ఆంధ్రాలో పెరిగినదాన్ని, తుఫాను అంటే కొత్త కాదు. చార్జింగ్ వేస్ట్ చేసుకున్నందుకే బాధగా ఉంది.

పాతచింతకాయ
అమ్మాయ్, జాగ్రత్తగా ఉండు. చెట్ల కింద కారు పెట్టకు.

ప్రాప్_ప్రసాద్
రైల్స్ మీద ఇంత తొందరగా పడకండి. ఐవన్ క్లియరీ 2019లో పెన్రిత్‌కి తిరిగొచ్చిన ఏడాది వాళ్లు పదో స్థానంలో ఉన్నారు. అప్పుడూ వాళ్ల ఫ్యాన్స్ ఇలాగే థ్రెడ్లు తెరిచి ఉంటారు. తర్వాతి ఏడాది లీగ్‌లో మొదటి స్థానం, గ్రాండ్ ఫైనల్‌లో స్టార్మ్ చేతిలో 26-20 ఓటమి. ఆ తర్వాత నాలుగు కప్పులు. సౌత్స్ వాళ్లు 1971 తర్వాత మళ్లీ గెలిచింది 2014లో. ఒక్క ఆదివారం చూసి తీర్పులు ఇస్తే ఎలా.

లెక్కలమాస్టారు
క్లియరీకి పెన్రిత్ హాఫ్‌బ్యాక్ నేథన్ అనే కొడుకు ఉన్నాడు ప్రసాద్ గారూ. అది చిన్న విషయం కాదు.

దిబ్బరొట్టె
మన బ్రాడ్ ఆర్థర్‌కీ కొడుకు ఉన్నాడు. జట్టులోనూ ఆడేవాడు. కొడుకుని లాంచ్ చేయడంలో తెలుగు నిర్మాతలకి ఏమాత్రం తీసిపోలేదు.

ప్రాప్_ప్రసాద్
ఆ కుర్రాణ్ని అనవసరంగా ఆడిపోసుకున్నారు. 2022 ఫైనల్లో మనం వేసింది రెండు ట్రైలు. ఒకటి గదర్సన్, ఒకటి ఆ జేకబ్ ఆర్థర్.

వెంటీ_వెంకట్
28-0 అయ్యాక వేసిన ట్రైలు ప్రసాద్ గారూ. అప్పటికి నేను స్టేషన్ దారి పట్టాను.

ప్రాప్_ప్రసాద్
అయితే మీరు చూడని ట్రైల గురించి నాతో వాదిస్తున్నారా?

నైట్‌షిఫ్ట్_నాని
😂😂 వెంకట్ అన్న క్లీన్ బౌల్డ్.

ట్యాకిల్_బాబు
అందరూ ఆగండి. వార్త చూశారా? మన ఇంకో హాఫ్ డిలన్ బ్రౌన్ న్యూకాజిల్‌కి. వచ్చే ఏడాది నుంచి, పదేళ్ల కాంట్రాక్టు. సుమారు 13 మిలియన్ డాలర్లు అంటున్నారు.

వెంటీ_వెంకట్
అయిపోయింది.

నైట్‌షిఫ్ట్_నాని
పదేళ్లా? మా ఇంటి లోన్ తప్ప నా జీవితంలో పదేళ్ల కాంట్రాక్టు ఇంకోటి లేదు.

గుంటూరుకారం
మన డబ్బుల్లో డెబ్బై కోట్ల పైమాట. అంటే ఏడాదికి ఏడు. పంత్‌కి రెండు నెలల ఐపీఎల్‌కి 27 కోట్లు ఇచ్చారు. మీవాళ్లు ఎముకలు విరగ్గొట్టుకునేది ఇంత తక్కువకా?

లెక్కలమాస్టారు
ఐపీఎల్‌తో పోల్చకండి, ఆ మార్కెట్ వేరు. ఈ ఆటలో ఇది చాలా పెద్ద మొత్తం. నా కోపం బ్రౌన్ మీద కాదు. మనం అతనికి ఇచ్చిన కాంట్రాక్టు పేరుకి 2031 దాకా. అందులో ఉండాలా, పోవాలా అన్న ఆప్షన్లు అతని చేతిలో పెట్టారు. అంటే మనం కట్టుబడి ఉన్నాం, అతను కాదు. అతనికి నచ్చితే మన దగ్గర ఉంటాడు, ఎక్కువ ఇచ్చేవాడు దొరికితే లేచి పోతాడు. ఇద్దరిలో ఒకరికే తాళంచెవి ఇచ్చి, ఇల్లు ఖాళీ అయిందని ఏడిస్తే లాభమేంటి? వెంకట్ గారు మొదట్లో అడిగిన ప్రశ్నకి నా జవాబు ఇదే. 56-18 మైదానంలో జరిగింది కాదు, ఆ కాగితాలు రాసిన గదిలో జరిగింది.

ప్రాప్_ప్రసాద్
మాస్టారూ, అప్పుడు ఆప్షన్లు ఇవ్వకపోతే అతను అప్పుడే పోయేవాడు. 2022లో పపాలీ, మహోనీ, నియుకోరే పోతున్నారని అందరూ గగ్గోలు పెడుతుంటే క్లబ్ ఇంకేం చేయాలి? ఉన్న ఇద్దరు హాఫ్స్‌ని ఎలాగైనా ఆపండని మనమే అరిచాం.

లెక్కలమాస్టారు
ఆ మాటా నిజమే. కానీ ఆపడం వేరు, ఆపినట్టు కనిపించడం వేరు.

పాతచింతకాయ
పోనివ్వండయ్యా. ఆ డబ్బు క్యాప్‌లో మిగులుతుంది. దాంతో ఇద్దరు గట్టి ఫార్వర్డ్‌లు వస్తారు. మధ్యలో బలం లేనప్పుడు వెనక ఎంత మంచి హాఫ్ ఉన్నా బంతి అందుకుని తన్నులు తినడమే. స్టెర్లింగ్ అంతటివాడికి కూడా ముందు రే ప్రైస్ ఉన్నాడు.

వెంటీ_వెంకట్
మిగిలిన డబ్బుతో మనవాళ్లు ఏం కొంటారన్నదే నా భయం పెద్దాయనా.

స్టార్మ్_శ్రీను
ఈసారి వెక్కిరించను. పదేళ్లు ఒకడికి రాసివ్వడం న్యూకాజిల్ వాళ్లకే తలనొప్పి అవుతుంది. ముప్పై దాటిన హాఫ్‌ని ఎవరైనా ఆ రేటుకి ఉంచుకుంటారా? బెల్లమీ అయితే ఈ పని చచ్చినా చేయడు.

నైట్‌షిఫ్ట్_నాని
శ్రీను మంచి మాట చెప్పాడు. స్క్రీన్‌షాట్ తీసుకోండి.

టూంగాబీ_తులసి
మా వాడికి ఇంకా తెలీదు. స్కూల్లో ఎవరో చెప్పే ఉంటారు ఈపాటికి.

దిబ్బరొట్టె
బీరువా కింద చోటుందా అండీ?

టూంగాబీ_తులసి
మీరు ఊరుకోండి.

ప్రాప్_ప్రసాద్
తర్వాతి ఆట టైగర్స్‌తో, మన స్టేడియంలోనే. ఎవరెవరు వస్తున్నారు? నా దగ్గర రెండు టికెట్లు ఎక్కువున్నాయి, తూర్పు స్టాండ్.

వెంటీ_వెంకట్
టైగర్స్ వరసగా మూడేళ్లు ఆఖరి స్థానంలో ఉన్నవాళ్లు. మొదటి ఆట న్యూకాజిల్‌తో 10-8తో పోగొట్టుకున్నారు. వీళ్ల మీద కూడా గెలవకపోతే నేను ఈ థ్రెడ్ లాక్ చేయమంటాను. వస్తున్నాను. తిట్టడానికైనా రావాలి కదా.

లెక్కలమాస్టారు
2019లో ఈ కొత్త స్టేడియంలో మొదటి ఆట కూడా టైగర్స్ మీదే, ఈస్టర్ సోమవారం. 51-6తో గెలిచాం. కాకపోతే ఇప్పుడు వాళ్లకి లువాయి ఉన్నాడు, మనకి మోసెస్ లేడు. నేను గెలుపు మీద పందెం కాయను.

నైట్‌షిఫ్ట్_నాని
నాకు ఆ రోజు షిఫ్ట్ ఉంది. డ్యూటీలో ఫోన్ చూడకూడదు. గెలిస్తే మాత్రమే మెసేజ్ పెట్టండి.

పాతచింతకాయ
కారు తేకండి. పార్కింగ్ దొరకదు, దొరికినా బయటికి రావడానికి గంట. వెస్ట్‌మీడ్ వైపు నుంచి లైట్ రైల్ ఎక్కండి, 2024 డిసెంబర్ నుంచి నడుస్తోంది, దిగి నడిచిపోవచ్చు.

కొత్తకాపు
ప్రసాద్ గారూ, ఆ ఎక్కువున్న టికెట్లలో ఒకటి నాకు ఇస్తారా? నీలం-పసుపు జెర్సీ కొనుక్కుని రావాలా?

ప్రాప్_ప్రసాద్
టికెట్ నీదే. జెర్సీ ఇప్పుడే కొనకు. 80 నిమిషాలు చూశాక కూడా కొనాలనిపిస్తే నీ ఇష్టం.

వెంటీ_వెంకట్
రెండో టికెట్ తులసి గారి అబ్బాయికి ఇవ్వండి. పెన్రిత్ జెర్సీ వేసుకుని రానని మాటిస్తేనే.